పిలిస్తేనే పలికే కుండ

సువార్త ఆ తొడుగును నా కుడిచేతికి బిగించి మీట నొక్కగానే నా వేళ్ళు వాటంతటవే లేచాయి. నేను కెవ్వుమన్నాను. వేళ్ళు మాత్రం ఆగలేదు. లేసు సూదిని అందుకున్నాయి, దారంలో ముంచాయి, లాగాయి, మళ్ళీ ముంచాయి. నా ఎడమచేతి చూపుడువేలి మీద నుంచి దారం జరజరా జారిపోతోంది. చూస్తుండగానే నా ఒళ్ళో నెమలికన్ను పువ్వు విచ్చుకుంది.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి నేను లేసు పనిలోనే ఉన్నాను. ఆ పువ్వు ఒక్కసారి కూడా నా చేతికి రాలేదు.

"అత్తా, ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?" అంది సువార్త.

"నాకేం తెలుసే! నా చెయ్యి నన్నడిగి చేస్తోందా ఇదంతా?"

గుమ్మం పక్కన పీట మీద కూర్చున్న ఎస్తేరు వదిన తలెత్తకుండానే, "అది నీ చెయ్యి కాదు, నాది. కాస్త మర్యాదగా చూసుకో" అంది.

నిజమే. అంతకుముందు సువార్త వాళ్ళమ్మ చేతికి ఆ తొడుగు వేసి, వదిన కుడుతున్నంతసేపూ వేళ్ళ నడకంతా పట్టి దాచింది. ఇప్పుడు ఆ నడకే నా వేళ్ళలో నడుస్తోంది.

వదిన సువార్తకు తల్లి, మా ఆయనకు అక్క. నరసాపురం లేసు వీధుల్లో ఆమె పువ్వుకు సాటి లేదు. మా పనిలో పువ్వులు కుట్టేది ఒకరు, కుట్టిన పువ్వులన్నిటినీ కలిపి గుడ్డగా చేసేది ఇంకొకరు. మొదటిది చేతిపని, రెండోది అతుకుపని. వదినది చేతిపని, నాది అతుకుపని. అందుకే నాకు 'అతుకులమ్మ' అని పేరు పెట్టింది. నా ముడికి ఒక వంకర కూడా ఉంది. ముడి వేసే ముందు దారాన్ని ఒక చుట్టు వెనక్కి తిప్పుతాను. అలా ఎవరూ తిప్పరు. నేర్చుకున్నప్పుడే తప్పు నేర్చుకున్నాను, చెయ్యి మారలేదు.

"దీని దారం పీతలా వెనక్కి నడుస్తుంది" అని వదిన వీధి వీధంతా చెప్పి నవ్వించేది.

తొడుగు నడిపే నడకంతా కుండలో ఉంటుంది. కుండ అని మేమంటాం గానీ, అది కూజా అంత స్టీలు పాత్ర. ముందు చిన్న గాజు కిటికీ. లోపల గంజినీళ్ళలాంటి ద్రవం. సువార్త భీమవరంలో కాలేజీ ల్యాబులో పని చేస్తూ దాన్ని తయారు చేసింది.

"ఇది మన సొంత సర్వర్, అత్తా. ఈ నీళ్ళలో కంటికి కనిపించని డీఎన్‌ఏ పోగులు తేలుతుంటాయి. మనం దాచినదంతా ఆ పోగుల్లో ఉంటుంది. ఒక్కో దానికి ఒక్కో పేరు. పేరు పెట్టి పిలిస్తే ఆ పోగు ఒక్కటే లేచి వస్తుంది."

"పిలవకపోతే?"

"అలా తేలుతూనే ఉంటుంది."

కుండను నెట్‌కి కలిపింది. మా వీధిలో తొడుగున్న వాళ్ళెవరైనా వాళ్ళ ఇంటి నుంచే పిలుచుకోవచ్చని. ఆ రోజు నేను ఆపకుండా కుట్టాను. మా ఆయన ఉండి ఉంటే ఆ పువ్వుల్ని వీధిలో అందరికీ చూపించుకొచ్చేవాడు.

ఒక్కటి మాత్రం నాలోనే దాచుకున్నాను. సూది దారం మీద నుంచి తిరిగి వచ్చే చోట, నా బొటనవేలి కింద, సన్నగా ఏదో వణికింది. గుప్పిట్లో చిక్కిన పురుగులాగా. నేను వదిన వైపు చూశాను. ఆమె నన్నే చూస్తోంది. మెల్లగా తన కుడిచేతిని పైటకొంగు కిందికి జరుపుకుంది.

నేను మళ్ళీ పువ్వు మీదికి తల వంచాను.

*

ఏజెంటు బుల్లబ్బాయి గారు కొత్త పని తెచ్చినప్పుడు ఎప్పుడూ మొదట మా అరుగు మీదే కూర్చుంటారు. ఆసారి నిలబడే మాట్లాడారు.

"ఎస్తేరమ్మగారూ, నెమలికన్ను పని ఈసారి వేరేవాళ్ళకి ఇద్దామనుకుంటున్నామండి. తమరు కొంచెం విశ్రాంతి తీసుకోండి."

"నేనడిగానా విశ్రాంతి?"

"అబ్బే, అడగాలా అండి. చెయ్యి వణుకుతోందని తెలిసింది కదండీ."

వదిన ముఖం నా వైపు తిరిగింది.

"నీకు తప్ప ఎవరికీ తెలీదు రూతూ."

"దేవుడి తోడు వదినా, నేను నోరు విప్పితే..."

"ఇంక విప్పకు. ఇన్నేళ్ళూ నా పక్కన కూర్చుని తిన్నావు. ఇదా నువ్వు చేసేది?"

బుల్లబ్బాయి గారు గాబరాపడ్డారు. "రూతమ్మగారు కాదండీ బాబూ! మీ ఇంట్లో కుండే చెప్పింది." ఫోను తీసి నా చేతిలో పెట్టారు. "పువ్వు పేరు రాయకుండా ఉత్త కుండ అడ్రసు కొట్టాను. ఇదిగోండి, లోపలున్నవన్నీ వరసగా వచ్చి పడ్డాయి."

మా ఆయన పోయాక సువార్త నాకు అక్షరాలు నేర్పింది. కూడబలుక్కుని చదవగలను. ఎక్కడ ఏం కనిపించినా పైకి చదివే అలవాటు పోలేదు.

"నెమలికన్ను. చక్రం పువ్వు. మల్లెతీగ అంచు. అమ్మ వణుకు ఒకటి. అమ్మ వణుకు..."

నాలుక కరుచుకున్నాను. అప్పటికే వదిన విన్నది.

సువార్త ఇంటికి వచ్చేసరికి వదిన వీధి తలుపు వేసి కూర్చుంది. సంగతి విని సువార్త తల పట్టుకుంది.

"నా తప్పే! మొదటి పేజీ పెట్టలేదు. అది లేకపోతే సర్వర్ ఊరుకోదు, లోపల ఏముంటే అది పట్టిక వేసి చూపించేస్తుంది. డైరెక్టరీ లిస్టింగ్ అంటారు. ఆపేయాలని తెలిసి కూడా మర్చిపోయాను. ఉండమ్మా, ఒక్క లైను మారిస్తే చాలు."

టకటకా కొట్టింది. తన ఫోనులో కుండ అడ్రసు తెరిచింది. తెల్ల పేజీ మీద 'చూపడానికి అనుమతి లేదు' అని వచ్చింది. నేను చదివి చప్పట్లు కొట్టాను. సువార్త నా రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పింది. ఆ సంబరంలోనే, అది నా ఫోనులో కూడా పోయిందో లేదో చూద్దామని తీశాను. పొద్దున బుల్లబ్బాయి గారు వెళ్ళాక నేనూ ఆ పట్టిక తెరిచి అలాగే వదిలేశాను. పాత పేజీ అక్కడే ఉంది. అందులో ఒక పేరు మీద నా వేలు పడింది.

బల్ల మీద ఖాళీగా పడున్న తొడుగు కదిలింది.

లోపల చెయ్యి లేదు. అయినా వేళ్ళు సగం ముడుచుకుని గజగజ వణకడం మొదలుపెట్టాయి. బల్ల చెక్క మీద టకటకమని చప్పుడు. వదిన లేచి నిలబడింది. వదినా నేనూ దాన్ని ముట్టుకోలేకపోయాం. సువార్తే పరుగున వెళ్ళి మీట ఆపింది.

"పట్టిక దాచాను అంతే" అంది గొంతు తగ్గించి. "పేరు తెలిసినవాళ్ళు పిలిస్తే పలుకుతుంది."

"ఈ వణుకు ఎప్పుడు పట్టావే నువ్వు?" అంది వదిన.

సువార్త తొడుగు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నన్నడిగావా?"

"ల్యాబులో చూపిద్దామనుకున్నానమ్మా. ఏదైనా దారి దొరుకుతుందేమోనని. నీకు చెబితే ఒప్పుకోవని..."

"పేరు తెలిసినవాళ్ళెవరైనా నా చేతిని ఇలా బల్ల మీద పడేసి కొట్టించొచ్చు."

"వణుకు పోగులు ఇప్పుడే చెరిపేస్తాను. మిగతావాటి పేర్లు మార్చి తాళం వేస్తాను."

"తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గర."

"అక్కర్లేదు. నీకూ తెలియకూడదు. పట్టికే ఉండకూడదు."

సువార్త చాలాసేపు నచ్చజెప్పింది. పట్టిక కూడా ఆ నీళ్ళలో ఒక పోగేనట. దాన్ని తినేసే మందు ఉందట. ఒక్క చుక్క వేస్తే పోతుందట. "కానీ అమ్మా, ఆ తర్వాత పేరు మర్చిపోతే నేను కూడా తియ్యలేను. ఇంకో కుండలోకి కాపీ చెయ్యాలన్నా పేరే కావాలి. లోపలే ఉంటుంది, అందదు."

"మర్చిపోతే కదా."

వదినకు అక్షరాలు రావు. అందుకని సువార్త పేరు పెట్టే పని కూడా తొడుగుకే అప్పగించింది. తొడుగు వేసుకుని చిన్న కదలిక ఏదైనా చేస్తే కుండ దాన్నే పేరుగా పట్టుకుంటుంది. వణుకు పోగులు చెరిపి, పట్టికకు మందు వేసి, పువ్వులన్నిటినీ సువార్త ఒక్క మూటగా కట్టింది; ఆ మూటకు పేరు పెట్టడమొక్కటే మిగిలాక, మమ్మల్ని అరుగు మీదికి పంపించేసింది వదిన. కాసేపటికి తలుపు తీసింది.

నాతో మాత్రం, "అన్నం వండావా?" అంది. నన్ను అన్న మాటల గురించి ఏమీ అనలేదు. క్షమించమనడం ఆమె నోటికి రాదు. నేనూ ఎదురుచూడలేదు. కంచాలు పెట్టాను.

*

వానలు వచ్చి వెళ్ళేలోపు వదిన చెయ్యి పూర్తిగా అదుపు తప్పింది. గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు చీర మీదే. అన్నం నేను కలిపి ముద్దలు చేసి పెడితే ఎడమచేత్తో తినేది. సూది ముట్టుకోవడం మానేసింది. నాకు అతకడానికి వేరే ఇళ్ళ నుంచి పువ్వులు వచ్చేవి. ఆమె వాటిని చూసి, "ఇవి పువ్వులా, పేడ పిడకలా?" అని మొహం తిప్పుకునేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం లేచి వచ్చేది. తిడుతోందంటే వదిన ఇంకా వదినే అన్నమాట.

ఒక రోజు సువార్త ల్యాబు నుంచి ఫోను చేసింది. రొప్పుతోంది. "అత్తా, బస్సెక్కి వచ్చెయ్! ఇప్పుడే! అమ్మకి చెప్పకు."

భీమవరం వెళ్ళేసరికి ల్యాబులో కుట్టు మిషను ముందు టైలర్ భూషణం గారు కూర్చుని ఉన్నారు. ఆయనదీ వదిన జబ్బే. తొడుగు కొత్తగా చేసిన రోజుల్లో సరదాకి తన చేతి నడక కూడా ఇచ్చి వెళ్ళారు. అప్పటికి చెయ్యి బాగుంది.

"ముందు వేరేవాళ్ళ చెయ్యి వేస్తాను, చూడు" అంది సువార్త. ఎవరిదో నడక పెట్టింది. భూషణం గారి చెయ్యి ఇంకా ఎక్కువగా ఊగింది. దారం ఉండ కింద పడి దొర్లిపోయింది.

"ఇప్పుడు ఆయనదే."

మీట నొక్కింది. గాలి ఆగాక కొమ్మ నిలబడినట్టు ఆ చెయ్యి నిలబడిపోయింది. భూషణం గారు దారం కొన నోట్లో తడిపి, సూది బెజ్జంలోకి పెట్టారు. ఒక్కసారికే దూరింది. ఆయన ఆ సూదిని వెలుతురుకు పట్టి చూస్తూ, "ఓలమ్మో! ఓలమ్మో!" అంటూనే ఉన్నారు. ల్యాబులో పిల్లలంతా అరిచారు. అందరికంటే నేను ఎక్కువ అరిచాను.

"తన చేతిని తనకే చూపిస్తే ఒంట్లో నరాలు గుర్తుపడుతున్నాయి అత్తా. తొడుగు తీశాక కూడా కాసేపు నిలుస్తోంది. రోజూ చేస్తే ఎంతదూరం వెళ్తుందో ఇంకా తెలీదు. కానీ పాత చెయ్యి తనదే అయ్యుండాలి."

"వదినది కుండలో ఉంది కదా!"

"ఉంది!" అంది సువార్త. నా మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చేసింది.

బస్సులో మేమిద్దరం కుదురుగా కూర్చోలేకపోయాం. పక్క సీటావిడ, "పెళ్ళికెళ్తున్నారా?" అని అడిగింది. "అంతకంటే ఎక్కువండి" అన్నాను.

*

ఇంట్లోకి అడుగు పెట్టగానే సువార్త కుండ దగ్గరికి పరుగెత్తింది. కిటికీలోంచి చూసి ఆగిపోయింది.

"అత్తా, నీళ్ళేవి?"

నిండుగా ఉండాల్సిన ద్రవం అడుగంటింది. సరైన పేరుతో పిలిస్తే కుండ ఒక చుక్క తీసుకుని, పోగును పెంచి మళ్ళీ లోపలికి వదులుతుంది. తప్పు పేరుతో పిలిస్తే ఆ చుక్క ఉత్తినే పోతుంది.

"అమ్మా, ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

వదిన గోడ వైపు చూస్తూ, "నేనే" అంది. "మీరు ఆదివారం గుడికెళ్ళినప్పుడల్లా చూశాను. నా పువ్వులు ఉన్నాయో లేదోనని. రావట్లేదు."

నాకు అప్పుడర్థమైంది. పేరు ఆమెకు గుర్తుంది. పేరంటే చేతి కదలిక. ఆ కదలిక చెయ్యడానికి ఇప్పుడు ఆమెకు చెయ్యి లేదు. వణుకుతూ చేసిన ప్రతిసారీ కుండ దాన్ని ఇంకేదో పేరనుకుంది, లేదంది, ఒక చుక్క పారబోసింది.

సువార్త జరిగిందంతా చెప్పింది. భూషణం గారు సూదిలో దారం ఎక్కించిన సంగతి చెబుతుంటే వదిన కళ్ళు పెద్దవయ్యాయి.

"నిజంగా దూరిందా? ఒక్కసారికే?"

"ఒక్కసారికే! నీకూ అంతే అమ్మా. ఆ కదలికేంటో చెప్పు. అత్త చేస్తుంది. ఎవరి చెయ్యన్నది కుండకి తెలీదు, నడక సరిపోతే చాలు. నెమలికన్నేనా?"

వదిన నోరు తెరిచింది. నా వైపు చూసింది. మళ్ళీ మూసేసింది.

"చెప్పను."

"అమ్మా!"

"చెప్పనంటే చెప్పను. నేనే చేస్తాను, ఇలా తే."

"ఇంక నాలుగు చుక్కలు కూడా లేవమ్మా!" అంది సువార్త.

"వదినా, ఇది మొండితనానికి టైమా?" అన్నాను. "చెవిలో చెప్పు, పోనీ. పిల్లని బయటికి పంపుతాను."

"నీకసలు చెప్పను" అంది. అంటూనే ముఖం ఎర్రగా చేసుకుంది.

సువార్త నాకు తొడుగు వేసింది. నెమలికన్ను మొదటి కుట్టు నా వేళ్ళకు ఇప్పుడు వచ్చు, వదిన చెయ్యే నేర్పింది. వేశాను. కుండ మీద ఎర్రదీపం. చక్రం పువ్వు తిప్పు తిప్పాను. ఎర్రదీపం. కిటికీలో అడుగు తెల్లగా మెరుస్తోంది.

"ఆపు అత్తా! ఇంక ఒక్కటే ఉన్నట్టుంది." సువార్త గొంతు కీచుమంది. "అమ్మా, నీకు దండం పెడతాను."

వదిన చెప్పలేక, ఊరుకోలేక, ఒళ్ళో చేతులు పెట్టుకుని ఆ కదలికను తనలో తనే చేస్తోంది. కుడిచెయ్యి ఊగిపోతోంది. దాన్ని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. కానీ ఎడమచెయ్యి వణకడం లేదు. నా కళ్ళు దాని మీద పడ్డాయి.

పువ్వు కుట్టేటప్పుడు ఎడమచేతి చూపుడువేలు పైకి లేచి ఉంటుంది, దారం దాని మీద నుంచి జారాలి కాబట్టి. వదిన చూపుడువేలు లేవలేదు. బొటనవేలు, మధ్యవేలు గట్టిగా కలిసి ఉన్నాయి. రెండు అంచుల్ని పక్కపక్కన పెట్టి పట్టుకున్నట్టు.

అది పువ్వు కుట్టే చెయ్యి కాదు.

నేను బుట్టలోంచి రెండు పువ్వులు తీశాను. అంచులు కలిపి పట్టుకున్నాను. కుడిచేత్తో దారం అందుకుని, ముడి వేసే ముందు ఒక చుట్టు వెనక్కి తిప్పాను. పీత నడక. నేను తప్పు నేర్చుకున్న ముడి. ఈ ఊళ్ళో నేను తప్ప ఎవరూ వెయ్యని ముడి.

కుండ గుర్రుమంది. ఆగింది. సువార్త రెండు చేతులతో నోరు మూసుకుంది.

పచ్చదీపం.

సువార్త వేసిన కేకకు పక్కింటివాళ్ళు తలుపులు తీశారు. గంజినీళ్ళు కిటికీలో మెల్లగా పైకి లేస్తున్నాయి, పొయ్యి మీద పాలు లేచినట్టు. పోగులు తమ జోడీలను చేసుకుంటున్నాయట. నేను వదిన వైపు చూశాను. ఆమె తల వంచుకుని కొంగు అంచు నలుపుతోంది. ఆ రోజు నన్ను అనరాని మాట అని, తలుపు వేసుకుని, లోపల ఆమె చేసిన పని ఇదన్నమాట. తన పువ్వులన్నిటినీ నా వంకర ముడి కింద దాచింది.

"అత్తా, ఏం చేశావు? ఏ కుట్టది? నేను దీపాన్నే చూస్తున్నాను" అంది సువార్త.

వదిన చటుక్కున తలెత్తింది.

"ఏదో పువ్వు" అన్నాను. "పేరు నాకూ తెలీదు."

వదిన చేతికి తొడుగు నేనే బిగించాను. చెయ్యి నా చేతుల్లో కొట్టుకుంటోంది. సువార్త మీట నొక్కింది. కొట్టుకోవడం తగ్గింది. ఇంకా తగ్గింది. ఆగిపోయింది. వదిన ఆ చేతిని ముఖం దగ్గరికి తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చాలాకాలం తర్వాత ఇంటికి వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత సూది అందుకుంది.

నెమలికన్ను విచ్చుకుంటుంటే గుమ్మంలో జనం పోగయ్యారు. ఎవరో బుల్లబ్బాయి గారి కోసం పరుగెత్తారు.

"అమ్మా, ఇప్పుడైనా పట్టిక మళ్ళీ పెట్టనా?" అంది సువార్త. "నాకొక్కదానికి కనిపించేటట్టు. నిన్ను అడక్కుండా ఏదీ తియ్యను, ఒట్టు."

వదిన కుట్టు ఆపలేదు. "వద్దు. తెలియాల్సినవాళ్ళకి తెలిసింది."

పువ్వు ముగించి, దారం తెంపి, నా ఒళ్ళోకి విసిరింది.

"ఏం చూస్తున్నావే అతుకులమ్మా? అతుకు. మళ్ళీ ఆ పీత ముడి వేశావో చెప్తాను నీ సంగతి."

నేను పీత ముడే వేశాను.